చేయి వణికినా దుడ్డు సరిగ్గా పోవాల

శిడ్లఘట్ట మార్కెట్‌లో గూళ్ళు అమ్మి ఇంటికొచ్చినాము. చంద్రికల నుంచి గూళ్ళు తీసిన కూలోళ్ళకు ఫోన్‌లో దుడ్డు వేయాల. 450 కొట్టబోతే వణికే వేలు సున్నా మీద రెండుమాట్లు తగిలి 4500 అయింది. మా ఇంటామె చూసింది కాబట్టి సరిపోయింది. ఆమీద పిన్ మూడుమాట్లు తప్పు పడి ఆ దినానికి బ్లాక్ అయింది. వాకిట్లో కూలోళ్ళు నిలబడే ఉండారు. మాకు తల ఎత్తేదానికి కాలేదు.

డాక్టరు చూసి దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారన్నారు. గాబరా పడినా, నిద్ర లేకున్నా ఎక్కువవుతుందంట. నాలుగో జ్వరం లేచినాక మనకు నిద్ర ఎక్కడిది?

మాది సాంసంగ్ ఫోన్. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, దాంట్లో ఇంటరాక్షన్ అండ్ డెక్స్టెరిటీలోకి పోతే 'ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే వేలు వెంటనే ఇంకోమాటు తగిలినా ఫోన్ లెక్కపెట్టదు. దాని పక్కనే 'ట్యాప్ డ్యూరేషన్'. ఇది పెంచితే ఊరికే తగిలింది ఒత్తినట్టు కాదు. మరీ పెంచొద్దండి, ఫోన్ మొద్దుబారినట్టు ఉంటుంది. వేరే కంపెనీ ఫోన్ ఉన్నోళ్ళు కూడా యాక్సెసిబిలిటీలో వెతికి చూడండి.

ఫోన్ చేతిలో పట్టుకోకుండా బల్ల మీద పెట్టి, మణికట్టు ఆనించి, ఒకే వేలితో కొడతాము. మెసేజ్ అయితే కీబోర్డు మీది మైకు ఒత్తి తెలుగులో చెప్పేస్తాము, అదే రాసుకుంటుంది. పక్కింటి పిల్లోడికి పిన్ చెప్పి కొట్టించేది మాత్రం వద్దు. మేము ఒకమాటు ఆ పని చేసి, మళ్ళా పిన్ మార్చుకున్నాము.

పోయిన పంటకు ఎనిమిది మందికీ మేమే వేసినాము. అరగంట పట్టింది.