ఎండలో కారు ఛాయాచిత్రం

ఉపాధికై డేరా చేరిన తెలుగువారు తొలి కారు కొన్ననాడు, దాని ప్రక్కన నిలబడి తీయించుకున్న ఫోటోను ఊరిలోని తల్లిదండ్రులకు పంపడం పరిపాటి. తీరా చూస్తే తెల్లని కారు బూడిదరంగుగాను, యజమాని ముఖం నల్లగాను కనిపిస్తాయి. ఇందులో కెమెరా దోషం తక్కువ. కాంతి స్వభావం తెలియకపోవడమే ప్రధాన కారణం.

కారుపై రంగుపూత ఒక వంకర అద్దం వంటిది. తన రంగుతో పాటు ఆకాశాన్ని, ఎదుటి మేడలను, చివరకు ఫోటో తీసేవారిని కూడ ప్రతిబింబిస్తుంది. కనుక ముందుగా చూడవలసినది కారు ఎదుట ఏమున్నదన్న విషయం. ఖాళీ స్థలం ఎదురుగా ఉంటే పూత నున్నగా కనిపిస్తుంది.

డేరా సుమారు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. అప్పుడు పైకప్పు మిరుమిట్లు గొలుపుతుంది. తలుపులు, చక్రాలు నీడలో మునుగుతాయి. సూర్యాస్తమయానికి ముందు గంట, తరువాతి పదిహేను నిమిషాలు అనుకూలమైన వేళ. సూర్యుడు దిగిన పిదప ఆకాశమంతా ఒకే దీపమై మెత్తని వెలుగునిస్తుంది. డేరా క్రీక్‌కు తూర్పు గట్టున ఉన్నందున సాయంకాలపు ఎండ నీటి మీదుగా బర్ దుబాయి వైపు నుండి వస్తుంది. నీటిని వీపు వెనుక ఉంచుకొని తీస్తే వెలుగు కారుపై పడుతుంది. నీరే నేపథ్యంగా కావాలంటే సూర్యాస్తమయం వరకు ఆగాలి.

కెమెరాలోని కాంతిమాపకం తాను చూచే దృశ్యాన్ని నడిమి బూడిదరంగుగా భావిస్తుంది. తెల్లకారు చట్రాన్ని నింపినపుడు కాంతిని తగ్గించివేస్తుంది. అందుచేత ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ పెంచాలి; నల్లకారుకు తగ్గించాలి. సెల్‌ఫోన్‌లోనూ ఈ సవరణ సాధ్యమే.

అద్దాలపై మెరుపును ధ్రువణ ఫిల్టర్ తగ్గిస్తుంది. గాజుపై లంబంతో సుమారు 56 డిగ్రీల కోణంలో పడి పరావర్తనం చెందిన కాంతి పూర్తిగా ధ్రువితమవుతుంది. ఈ కోణాన్ని నిర్ణయించే సూత్రాన్ని డేవిడ్ బ్రూస్టర్ 1815లో ప్రకటించాడు. ఏటవాలుగా నిలిచి ఫిల్టర్‌ను త్రిప్పితే ఒక స్థానంలో అద్దం వెనుకనున్న సీట్లు స్పష్టమవుతాయి. లోహపు తొడుగుల మెరుపు మాత్రం ఇంతగా తగ్గదు.

మరీ దగ్గర నుండి తీస్తే కారు ముందుభాగం ఉబ్బినట్లు కనిపిస్తుంది. నాలుగైదు అడుగులు వెనుకకు జరిగి, జూమ్ వాడి, కెమెరాను హెడ్‌లైట్ల ఎత్తుకు దించడం మేలు.

వేసవిలో మరొక చిక్కు ఉన్నది. ఏ.సి. గదిలో చల్లబడిన కటకంపై బయటి తేమ మంచులా పడుతుంది. కెమెరాను మూతికట్టిన ప్లాస్టిక్ సంచిలో అరగంట బయట ఉంచి, వేడెక్కిన తరువాతనే తెరవాలి.

ఈ మాత్రం ఓపిక పడితే, ఊరిలో ఫోటో అందుకున్నవారికి కారు అసలు రంగుతో పాటు బిడ్డ ముఖమూ కనిపిస్తుంది. వారు ముందుగా వెదికేది ఆ ముఖాన్నే.