సంఘంలో కంప్యూటరు - సభ్యులకు ఒనగూడినదేమిటి?

పాల కేంద్రంలో ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్షా యంత్రం, చీటీ అచ్చువేసే కంప్యూటరు అమర్చగానే ఆధునికీకరణ పూర్తయిందని కొన్ని సంఘాలవారు భావిస్తున్నారు. పాలు పోసే సభ్యులకు ఎంత మేలు జరిగిందన్నదానిని బట్టే యంత్రం విలువ కట్టాలని మా అభిప్రాయం.

గెర్బర్ పరీక్ష మన పాత సభ్యులకు తెలిసినదే. బ్యుటిరోమీటరులో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి, సెంట్రిఫ్యూజిలో త్రిప్పి వెన్న శాతం చూసేవారు. పద్ధతి శాస్త్రీయమైనదే. కాని అందరి నమూనాలు వెంటనే పరీక్షించడం సాధ్యమయ్యేది కాదు. పాలు పోసినవారు ఇంటికి వెళ్ళాక ఎప్పుడో అంకె తెలిసేది. అనుమానాలు పుట్టేది ఆ వ్యవధిలోనే. 1990ల దశకంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా సంఘాలలో కంప్యూటరు సేకరణ ప్రారంభమైనప్పుడు, తూకం, వెన్న, ధర పోసినవారి ఎదుటనే కనిపించడం అన్నిటికంటే పెద్ద మార్పు.

ఆ అంకె విలువ చూడండి. కిలో వెన్నకు 800 రూపాయలనుకుందాం. 7 శాతం వెన్న గల 5 కిలోల గేదెపాలలో 350 గ్రాముల వెన్న ఉంటుంది. 280 రూపాయలు రావాలి. యంత్రం 6.5 చూపితే వచ్చేది 260. రెండు పూటలా ఇలాగే జరిగితే నెలకు 1,200 రూపాయల నష్టం! దాణా కొనే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

మరి యంత్రం తప్పు చూపుతుందా? చూపుతుంది. లోపలి గొట్టాలలో పాల మడ్డి పేరుకున్నా, నమూనాలో గాలిబుడగలున్నా, పాలు బాగా కలపకుండా నమూనా తీసినా అంకె మారిపోతుంది. కనుక పూట ముగియగానే యంత్రాన్ని శుభ్రపరచాలి. అప్పుడప్పుడు గెర్బర్ పరీక్షతో సరిచూసి, రెండు అంకెలనూ నోటీసు బోర్డుపై వ్రాయాలి. అడిగే హక్కు సభ్యులకున్నది.

ఇక చెల్లింపుల సంగతి. గడ్డి కోసేది, పాలు పితికేది చాలా ఇళ్ళలో ఆడవారే. బ్యాంకు ఖాతా, ఫోను మాత్రం మగవారి పేర ఉంటాయి. అప్పుడు డబ్బు జమ అయిన కబురు ఆమెకు చేరేదెలా? సభ్యత్వంతోపాటు ఖాతా కూడా ఆమె పేరనే తెరిపించవలసిందిగా పాలకవర్గాలను కోరుతున్నాము. ఫోనుకు సందేశం పోతున్నదని చీటీ మానివేయడం మాకు సమ్మతం కాదు. చదువురాని వారికి కార్యదర్శి వెన్న శాతం, ధర పైకి చదివి వినిపించాలి.

బ్యుటిరోమీటర్లు, లాక్టోమీటరు పారవేయకండి. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోయిన పూట అవే అక్కరకు వస్తాయి.