జాడ తెలియని దుఃఖము

మరణమెంత దారుణమైనను దానికొక తిథియున్నది, కర్మకాండయున్నది, పరామర్శకు వచ్చి కంటనీరు పెట్టుకొను బంధుజనమున్నది. కాని పనిమీద పోయివచ్చెదనని గడపదాటిన మనిషి మరలిరాక, కబురైన అందక, ఏమయ్యెనో చెప్పగలవారెవ్వరును లేక సంవత్సరములు గడచిన యింట, ఏడ్చుటకు నోరాడదు, ఆశ విడుచుటకు మనసొప్పదు.

వియత్నాం యుద్ధమున ఆచూకీ లేకపోయిన వైమానికుల కుటుంబములను 1970ల దశకమున పరిశీలించిన అమెరికా పండితురాలు పాలీన్ బాస్ గారు, ఇట్టి శోకము తీరకుండుట ఆ యింటివారి మనోదౌర్బల్యము కాదనియు, నిజము తెలియకపోవుటయే దానికి మూలమనియు వివరించిరి.

మన యిండ్లలో ఈ సందిగ్ధత మొట్టమొదట భార్య నుదుట కనిపించును. బొట్టు పెట్టుకొన్నచో 'ఏ ధైర్యముతో' అందురు. తీసివేసినచో 'అప్పుడే తొందరయేమి' అందురు. తల్లి రాత్రివేళ వాకిలి గడియ వేయనీయదు. రైలుపట్టాల ప్రక్కన గుర్తు తెలియని శవము దొరికినదని విని అన్నదమ్ములు మార్చురీకి పరుగెత్తి, తమవాడు కాడని ఊరట చెంది, ఆ యూరటకే సిగ్గుపడి మౌనముగా తిరిగివత్తురు.

పూర్వపు ధర్మశాస్త్రకారులు ఈ వేదన నెఱిగినవారే. పండ్రెండేండ్లు ఎదురుచూచియు వార్త తెలియనిచో, దర్భలతో ప్రతికృతిని చేసి దహించి కర్మ జరుపవచ్చుననిరి. నేటి చట్టము గడువు ఏడేండ్లు. 1872 నాటి సాక్ష్య చట్టములోని 108వ సెక్షనును, దానికి మారుగా 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమములోని 111వ సెక్షనును చెప్పునది ఒక్కటియే: సహజముగా వార్త తెలియవలసినవారికి ఏడేండ్లుగా తెలియనిచో, ఆ మనిషి బ్రతికియున్నాడనువారే దానిని రుజువు చేయవలెను. అప్పటికిని తరచుగా సివిలు కోర్టు డిక్రీ తెచ్చుకొనక తప్పదు; అందాక బ్యాంకు ఖాతా, పొలము, పింఛను వ్యవహారములు ముడిపడి నిలిచిపోవును. కనుక వెంటనే పోలీసు స్టేషనులో మిస్సింగ్ కేసు నమోదు చేయించి, ఎఫ్.ఐ.ఆర్. నకలు భద్రపరచుకొనవలెను. ఇరువదినాలుగు గంటలు ఆగవలెనను మాటకు చట్టమున ఆధారము లేదు.

గడువులు ఆస్తిపాస్తుల చిక్కు విప్పును గాని హృదయమును శాసింపజాలవు. 'ఇక లేడనుకొమ్ము' అనువారును, 'తప్పక వచ్చును' అనువారును ఆ యింటివారిపై తమ తీర్పును రుద్దుచున్నవారే. రావచ్చును, రాకపోవచ్చును అను రెండు తలపులను ఒక్క మనసున మోయుచు, పిల్లలను చదివించుకొనుటయు, పండుగ చేసికొనుటయు పోయినవానికి ద్రోహము కాదని వారికి చెప్పవలెను. బొట్టు మాట ఆ యిల్లాలికే విడిచి, పేరంటమునకు ఆమెను అందరితోపాటు పిలుచుట ఇరుగుపొరుగు చేయదగిన మొదటి ఉపకారము.