నిజాంసాగర్‌ల పేరుకున్న మట్టి ఎవరిది?

నది అంటే నీళ్లు మాత్రమే అనుకుంటం. కాదు. నది నీళ్లతో పాటు మట్టిని కూడ మోస్తది. వానకాలంల వాగు ఎర్రగ పారుతది కదా! ఆ రంగు చేన్ల మీదికెల్లి కొట్టుకొచ్చిన మట్టిదే.

ఒక చిన్న ప్రయోగం చేయండి. గాజు సీసల నీళ్లు, పిడికెడు చేను మట్టి పోసి బాగా ఊపి పక్కన పెట్టండి. ముందు ఇసుక అడుగుకు దిగుతది. దాని మీద మెత్తటి మట్టి నెమ్మదిగ పేరుకుంటది. నీళ్లు ఉరికినంతసేపు మట్టిని మోస్తయి, ఆగితే దించేస్తయి. ఆనకట్ట వెనుక జరిగేది కూడ ఇదే.

మన జిల్లాల నిజాంసాగర్ ఉన్నది. మంజీర నది మీద 1923ల పని మొదలై 1931ల పూర్తయింది. మంజీర మహారాష్ట్రల బాలాఘాట్ గుట్టల పుట్టి, లాతూరు, బీదరు, సంగారెడ్డి, మెదక్ మీదుగా వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిల కలుస్తది. ఇంత దూరంల ఎన్ని చేన్లు, ఎన్ని గుట్టలు! అడవి నరికిన చోట, వాలు వెంట దున్నిన చోట వానకు మట్టి జారి నదిల పడుతది.

కట్టినప్పుడు నిజాంసాగర్‌ల 29.72 టీఎంసీల నీళ్లు పట్టేవి. పూడిక వల్ల 1970ల నాటికి 12 టీఎంసీలు కూడ పట్టని స్థితి వచ్చింది. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న తరగతి గదిని తలచుకోండి. పోయిన 18 టీఎంసీల జాగ అట్లాంటి 45 లక్షల గదులంత! అంత మట్టిని తవ్వి ఎక్కడ పోయాలె? అందుకే తవ్వకుండ నీటి మట్టాన్ని పెంచిండ్రు. దాంతో 17.8 టీఎంసీలు పట్టేటట్టు అయింది. అయినా మొదటి లెక్కకు చేరలేదు. తర్వాత ఎగువన సింగూరు కట్టిండ్రు. ఇప్పుడు నది తెచ్చే మట్టి ముందుగా అక్కడ ఆగుతున్నది.

పైన మట్టి ఎక్కువై బాధ, కింద మట్టి రాక బాధ. గోదావరి డెల్టా వేల ఏండ్లుగ నది తెచ్చిన ఒండ్రుతోనే తయారైంది. ఆనకట్టలు పెరిగినంక సముద్రానికి చేరే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లల్ల సగానికి పైగా తగ్గింది. కొత్త మట్టి రాకుంటే అలలు ఒడ్డును కోస్తయి. ఈజిప్టుల నైలు నది మీద 1970ల ఆస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయినంక అక్కడి డెల్టాకు కూడ ఇదే గతి పట్టింది. ఇసుక సంగతి కూడ అంతే. నదిల ఇసుక నీళ్లను దాచిపెడుతది. లారీలకు లారీలు తవ్వుకపోతే ఒడ్డు బావులల్ల నీళ్లు దిగిపోతయి.

మరి ఉపాయం లేదా? చిన్న చెరువుకు ఉన్నది. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మన సదాశివనగర్ పాత చెరువు దగ్గరనే మొదలైంది. పూడిక మట్టిల సారం ఉంటది. దాన్ని చేన్లకు తోలుకుంటే చెరువు లోతయితది, చేను బలపడుతది. చేను మట్టి మళ్లీ చేనుకే చేరుతది. పెద్ద ప్రాజెక్టుల అట్ల చేయుడు చాలా కష్టం. కాబట్టి మట్టి చేన్లకెల్లి కదలకముందే ఆపాలె.

మా నాయిన వాలుకు అడ్డంగ దున్నుతడు. గట్ల మీద గడ్డి పీకనియ్యడు. "గట్టు తెగితే చేను పోయినట్టే" అంటడు. చేను ఒక్కటే కాదు, కింద చెరువు, దాని కింద ప్రాజెక్టు కూడ పోతయని నాకు ఇప్పుడు తెలిసింది.

ఈ వానకాలం సెలవులకు పోయినప్పుడు మీ తండా దగ్గరి వాగు నీళ్లు ఒక సీసల పట్టుకరండి. అన్ని సీసలు వరుసగ పెట్టి చూద్దాం. ఏ సీసల మట్టి ఎక్కువ పేరుకుంటదో, ఆ వాగు మీద చేన్లు, గుట్టలు ఎట్లున్నయో ఆలోచిద్దాం.