ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత పాత డెస్క్‌టాప్ ఇంకా ఉందా? తీసేసే ముందు ఈ లిస్ట్ చదవాల్సిందే!

ఉబుంటు అప్‌గ్రేడ్ సక్సెస్. తీరా చూస్తే మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు సెట్టింగ్స్, రెండు టెర్మినల్స్! కంగారు పడక్కర్లేదు, ఇది వైరస్ కాదు. గతంలో వేసుకున్న మరో డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అలాగే ఉండిపోయిందన్నమాట. దాన్ని తీసేయొచ్చు. కానీ తొందరపడితే వాడుతున్న డెస్క్‌టాప్ కూడా మాయమయ్యే ప్రమాదం ఉంది.

ఎందుకు మిగిలిపోతాయి?

యూజర్ విడిగా వేసుకున్న కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి వాటిని అప్‌గ్రేడ్ సాధారణంగా తొలగించదు, కొత్త వెర్షన్‌కి మారుస్తుంది. 2017 అక్టోబర్‌లో ఉబుంటు 17.10తో యూనిటీ స్థానంలో గ్నోమ్ డిఫాల్ట్‌గా వచ్చింది. అప్పుడు కూడా అప్‌గ్రేడ్ చేసిన సిస్టమ్స్‌లో పాత యూనిటీ ప్యాకేజీలు మిగిలిపోయాయి.

చీటీ చింపితే సరుకులు పోవు

'కుబుంటు-డెస్క్‌టాప్' అనేది మెటాప్యాకేజీ. అంటే సరుకుల చీటీ లాంటిది. చీటీ చింపేస్తే ఇంట్లో సరుకులు పోవు కదా! అలాగే ఇదొక్కటి తీసేస్తే కేడీఈ యాప్స్ చాలావరకు అక్కడే ఉంటాయి. వాటిని విడిగా తొలగించాలి. అసలు రిస్క్ ఇక్కడే.

కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ 2021లో పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయారు. డెస్క్‌టాప్ ప్యాకేజీలు కూడా పోతాయని టెర్మినల్ హెచ్చరించినా ముందుకెళ్లారు. దాంతో డెస్క్‌టాప్ మొత్తం పోయింది. ఆ వీడియో అప్పట్లో వైరల్ అయ్యింది.

సేఫ్‌గా తీసేయాలంటే..

* ముందు ముఖ్యమైన ఫైల్స్ బ్యాకప్ తీసుకోండి.
* లాగిన్ స్క్రీన్‌లో గేర్ గుర్తు నొక్కి, ఉంచుకోవాలనుకున్న డెస్క్‌టాప్‌లోకి వెళ్లండి. అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.
* ఏపీటీ రిమూవ్ కమాండ్‌ని మొదట సిమ్యులేట్ ఆప్షన్‌తో రన్ చేయండి. నిజంగా ఏదీ డిలీట్ కాదు, ఏమేం పోతాయో లిస్ట్ మాత్రమే వస్తుంది.
* ఆ లిస్ట్‌లో 'ఉబుంటు-డెస్క్‌టాప్', 'గ్నోమ్-షెల్', 'జీడీఎం3', 'నెట్‌వర్క్-మేనేజర్' పేర్లు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.
* లిస్ట్ క్లియర్‌గా ఉంటేనే అసలు కమాండ్ ఇవ్వండి. రిమూవ్‌కి బదులు పర్జ్ వాడితే సిస్టమ్‌లోని కాన్ఫిగరేషన్ ఫైల్స్ కూడా పోతాయి.
* చివర్లో ఆటోరిమూవ్. దీని లిస్ట్ కూడా చదివాకే 'వై' నొక్కండి.

డెస్క్‌టాప్ పోతే ఏం చేయాలి?

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ లాగిన్ వస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి 'ఉబుంటు-డెస్క్‌టాప్' ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. దీనికి ఇంటర్నెట్ తప్పనిసరి. ఏయే ప్యాకేజీలు పోయాయో ఏపీటీ హిస్టరీ లాగ్‌లో తేదీలతో సహా ఉంటుంది. సాధారణంగా హోమ్ ఫోల్డర్‌లోని ఫొటోలు, డాక్యుమెంట్లు ఎక్కడికీ పోవు. కాబట్టి కంగారుపడి వెంటనే ఫార్మాట్ కొట్టేయకండి.