వార్తల్లో పదం: జియార్డియాసిస్

వానలు మొదలయ్యాయంటే అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం నుంచి విరేచనాల వార్తలు వస్తాయి. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ కొండల్లో చాలా గూడేలు నేటికీ ఊటల మీద, గెడ్డల మీదే ఆధారపడి ఉన్నాయి. అలాంటి నీటి వల్ల వచ్చే జబ్బుల్లో కలరా, టైఫాయిడ్‌లంత పేరు లేనిది జియార్డియాసిస్. జియార్డియా అనే ఏకకణ పరాన్నజీవి దీనికి మూలం.

ఇది మనుషుల్లోనే కాదు, పశువులు, కుక్కలు, కోతులు, జింకల పేగుల్లోనూ బతుకుతుంది. గట్టి పొర కప్పుకున్న సిస్టులుగా మలంతో బయటపడి, చల్లటి నీటిలో వారాలు, నెలల తరబడి నిలుస్తుంది. 10 సిస్టులు కడుపులో పడినా జబ్బు రావచ్చు. జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు, కడుపుబ్బరం. పదేపదే సోకితే పసిపిల్లల ఎదుగుదలే కుంటుపడుతుంది. అసలు బాధ అక్కడుంది.

1681లో డచ్చి పరిశోధకుడు లీవెన్‌హుక్ తన మలంలోనే దీన్ని చూశాడు. ఉత్తర అమెరికాలో దీన్ని 'బీవర్ జ్వరం' అంటూ వాగుల్లో బతికే జంతువును దోషిని చేశారు. కానీ మనుషుల నుంచి, పశువుల నుంచి కూడా అడవి జంతువులకు ఇది అంటుతుంది. అడవిని నిందించే ముందు ఊట చుట్టూ కంచె వేశామా, పైన బహిర్భూమి ఉందా అని చూడాలి.

ఫిబ్రవరి 10న బడుల్లో ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర నులిపురుగుల కోసం. జియార్డియాకు అది చాలదు. మెట్రోనిడజోల్, టినిడజోల్ వంటి మందులు వైద్యుల సలహాతో వాడాలి. గెడ్డ నీరు ఎంత తేటగా కనిపించినా, తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి తాగండి.