పదో వంతు తెచ్చిన తంటా

మూడేళ్ళుగా శనివారాలు మా ఊరి యూనివర్సిటీలో అప్లైడ్ మేథమేటిక్స్ చదివే పిల్లలకు ప్రాజెక్టుల్లో చేతనైన సాయం చేస్తున్నాను. మొదటిరోజు అందరికీ ఒకటే పని చెప్తాను: కంప్యూటర్లో 0.1ని పదిసార్లు కూడమని. ఒకటి రావాలి కదా? 0.9999999999999999 వస్తుంది. "అంకుల్, నా ప్రోగ్రాంలో తప్పెక్కడుంది?" అని పోయినేడు మన తెలుగువాళ్ళమ్మాయి ఒకతె కంగారుపడింది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు.

మూడో వంతును దశాంశాల్లో రాయబోతే 0.333... అంటూ అంతు లేకుండా సాగుతుంది. కంప్యూటర్ వాడేవి సున్నా, ఒకటి మాత్రమే. ఆ పద్ధతిలో పదో వంతుకీ అదే గతి. ఎక్కడో ఒకచోట తెంపాలి. తెంపినచోట కాస్త తేడా మిగిలిపోతుంది.

"ఇంత చిన్న తేడాకి ఏమవుతుంది?" అంటారు పిల్లలు. అప్పుడు 1991 గల్ఫ్ యుద్ధం నాటి సంగతి చెప్తాను. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఉన్న పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. వాటిని సెకన్లలోకి మార్చడానికి వాడే 0.1 విలువను 24 బిట్ల దగ్గర తెంపారు. తేడా సుమారు 0.000000095. కానీ ఆ యంత్రం ఆపకుండా దాదాపు 100 గంటలు నడిచింది. అంటే 36 లక్షల పదో వంతులు. గుణించండి: 0.34 సెకను. స్కడ్ క్షిపణి సెకనుకు 1,600 మీటర్లకు పైగా పోతుంది. అంటే అర కిలోమీటరు దాటిన తేడా! ఫిబ్రవరి 25న వచ్చిన స్కడ్‌ను పేట్రియాట్ వెతకవలసినచోట వెతకలేదు. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఒకటుంది. "చాలాసేపు" నడిపితే గురి తప్పవచ్చని నాలుగు రోజుల ముందే హెచ్చరిక వెళ్ళింది. చాలాసేపంటే ఎన్ని గంటలో అందులో లేదు. సరిచేసిన ప్రోగ్రాం దహ్రాన్ చేరింది మర్నాడు.

ఇంజనీరింగ్‌లో నేనూ న్యూటన్-రాఫ్సన్ పద్ధతి కంఠతా పట్టి, ఆరు దశాంశాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అందులో ఎన్ని అంకెలు నమ్మొచ్చో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ మొదటి ప్రశ్న అదే.

ఆ అమ్మాయి ఒక లోహపు కడ్డీలో వేడి ఎలా పాకుతుందో లెక్కకట్టి, ఉష్ణోగ్రతలను ఎనిమిది దశాంశాలతో తెచ్చింది. గుణకారాలు చూడకుండా, లెక్కలో తీసుకున్న అడుగును సగానికి తగ్గించి మళ్ళీ చేయమన్నాను. మొదటి దశాంశం తర్వాత అంకెలన్నీ మారిపోయాయి. ఇంకా సగం చేసింది, జవాబు తెలిసిన తేలిక లెక్క మీద ప్రోగ్రాంని పరీక్షించింది. చివరి రిపోర్టులో ఒక్క దశాంశమే ఉంచి, ఎందుకో రెండు పేజీలు రాసింది. "తక్కువ చేసినట్టుంది అంకుల్" అంది. అంతకంటే నిజాయితీ గల రిపోర్టు నేను చూడలేదు.

మన పిల్లలు జవాబు తెచ్చినప్పుడు "వచ్చిందా?" అని అడగడం మనకు అలవాటు. "ఎంతవరకు నమ్మొచ్చు?" అని కూడా అడిగి చూడండి. లెక్కలు రాని తల్లిదండ్రులైనా అడగగలిగిన ప్రశ్న ఇది.